పాత రాజ్‌దూత్ బైకు పెట్రోలు ట్యాంకుకు తుప్పు వదిలించే పద్ధతి

పెట్రోలంతా వంచేసి, కాక్ (ట్యాంకు అడుగున పెట్రోలు వదిలే కుళాయి) ఊడదీసి, ట్యాంకును ఆరుబయట పెట్టండి. నిండు ట్యాంకు కంటే ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే ప్రమాదం. బీడీ కాల్చేవాళ్లను దూరంగా పొమ్మనండి.

సర్ఫు నీళ్లతో జిడ్డు పోగొట్టి, పాత చైన్ ముక్క వేసి బాగా ఊపండి. కొందరు కంకర వేస్తారు, నాకు నచ్చదు. మూలల్లో ఇరుక్కుంటే తీయలేక చావాలి. చైనయితే ఒక్క లాగుతో వచ్చేస్తుంది.

కాక్ రంధ్రం మూసి, వేడినీళ్లలో నిమ్మఉప్పు కలిపి గొంతుదాకా పోసి రాత్రంతా ఉంచండి. మూత బిగించొద్దు, గ్యాసు పుడుతుంది. పొద్దున డికాక్షన్ రంగు నీళ్లు దిగుతాయి. వంటసోడా నీళ్లతో కడిగి వెంటనే ఆరబెట్టాలి, లేకుంటే మళ్లీ ఎర్రబడుతుంది. మా అనంతపురంలో ఎండకేం కొదవ!

మళ్లీ తుప్పు పట్టకుండా ట్యాంకు లోపల పూసే ఎపాక్సీ సీలరు మాత్రం చల్లపొద్దునే కలపండి, వేడికి త్వరగా గట్టిపడుతుంది. దాన్ని లోపల పోసి, ట్యాంకును అన్ని వైపులా తిప్పి, మిగిలింది వంచేసి, కాక్ మరలు తుడవండి. డబ్బా మీద రాసినన్ని రోజులు ఆరాకే పెట్రోలు పోయండి.