బడిలో ఏడిపిస్తున్నప్పుడు ఏం చేయాలి, తోటివారిలో చోటు ఎలా సంపాదించుకోవాలి

తోటి పిల్లలు ఒకరినొకరు ఆటపట్టించుకోవడం బడిలో మామూలే కాబట్టి, మీకు జరుగుతున్నది ఆటా, వేధింపా అన్నది ముందుగా తేల్చుకోవాలి. 1970లలోనే ఈ విషయాన్ని పరిశోధించిన మనస్తత్వ శాస్త్రవేత్త డాన్ ఓల్వేయస్ వేధింపుకు మూడు గుర్తులు చెప్పారు: కావాలని బాధపెట్టడం, అది పదేపదే జరగడం, బాధపడేవారికి ఎదుర్కొనే బలం లేకపోవడం. బలమంటే కండబలమే కానక్కరలేదు, నలుగురిని వెంట వేసుకుని తిరగడమూ బలమే. మీరు వద్దన్నాక మానేస్తే అది ఆట. వద్దన్నకొద్దీ ఎక్కువైతే, "సరదాకి అన్నాం" అని వాళ్లు ఎంత చెప్పినా అది ఆట కాదు.

ఆ క్షణంలో చేయగలిగింది కొంచెమే. "ఇలా అనవద్దు" అని ఒక్కసారి, గొంతు పెంచకుండా చెప్పి, పెద్దవాళ్లో మరికొందరు పిల్లలో ఉన్న చోటికి నడిచి వెళ్లండి. చమత్కారంగా తిప్పికొట్టమని చాలామంది సలహా ఇస్తారు కానీ, భయంతో గుండె దడదడలాడుతున్నప్పుడు చమత్కారం ఎవరికీ తోచదు. తిరిగి కొడితే మాత్రం ఆ రోజు విచారణ మీ మీదే జరుగుతుంది.

అసలు పని ఆ తరువాత మొదలవుతుంది. ఒక నోట్‌బుక్‌లో తేదీ, సమయం, చోటు, అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టుగా, అప్పుడు అక్కడ ఎవరెవరు ఉన్నారో అదే రోజు రాసుకోండి. ఫోన్‌లో వచ్చిన సందేశాలైతే, బ్లాక్ చేయడానికి ముందే స్క్రీన్‌షాట్ తీసుకోండి. "వాళ్లు ఎప్పుడూ ఏడిపిస్తారు" అంటే తల ఊపి ఊరుకునే టీచర్ కూడా, రెండు వారాల్లో ఐదుసార్లు, ప్రతిసారీ మెట్ల దగ్గరే, విరామం సమయంలోనే జరిగిందని కాగితం మీద చూస్తే ఏదో ఒకటి చేయక తప్పదు. పైగా అలా రాసుకుంటే ఏం అడగాలో మీకే తెలుస్తుంది: ఆ సమయంలో మెట్ల దగ్గర ఒక టీచర్ ఉండాలని, లేదా తరగతిలో మీ చోటు మార్చాలని. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ చేస్తామంటే, ఏడిపించేవారి ముందు మాట్లాడలేనని, విడిగా వినమని అడగండి. చెప్పడాన్ని చాడీ అనుకోవద్దు. ఒకరు పట్టించుకోకపోతే మరో టీచర్‌కు, ప్రధానోపాధ్యాయులకు చెప్పండి, ఇంట్లోవాళ్లతో లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇప్పించండి. కొట్టినా, బెదిరించినా, బతకాలని లేదన్న ఆలోచన మీకు వచ్చినా, నోట్‌బుక్ సంగతి పక్కన పెట్టి, వెంటనే నమ్మకమైన పెద్దవారికి చెప్పండి.

ఏడిపించేవారికి చూసేవాళ్లు కావాలి. 2001లో ప్రచురితమైన ఒక కెనడా పరిశోధనలో, తోటి పిల్లలు అడ్డుపడిన సందర్భాల్లో సగానికి పైగా 10 సెకన్లలోపే వేధింపు ఆగిపోయింది. కాబట్టి పక్కన ఒక్క స్నేహితుడో స్నేహితురాలో ఉన్నా ఎంతో తేడా ఉంటుంది.

ఆ ఒక్కరిని సంపాదించుకోవడానికి, బడిలో అందరికంటే పేరున్న గుంపులో దూరే ప్రయత్నం చేయకపోవడమే మేలు. పరిచయం మామూలు స్నేహంగా మారడానికి సుమారు 50 గంటలు, దగ్గరి స్నేహం కావడానికి 200 గంటలకు పైగా కలిసి గడపవలసి ఉంటుందని అమెరికా పరిశోధకుడు జెఫ్రీ హాల్ 2018లో అంచనా వేశారు. అది పెద్దవాళ్ల లెక్కే అయినా, స్నేహానికి సమయం పడుతుందన్నది పిల్లలకూ వర్తిస్తుంది. అందుకని రోజూ అదే నలుగురు కలిసే చోటును, ఆటల జట్టో, చిత్రలేఖనం తరగతో, గ్రంథాలయమో, ఎంచుకోండి. వెళ్లగానే మీ గురించి చెప్పుకోకుండా, వాళ్లు చేస్తున్న పనిని కాసేపు గమనించి, దానికి సంబంధించిన మాటతోనే కలవండి. చేర్చుకోవడానికి మరొకరిని ఏడిపించమని షరతు పెట్టే జట్టయితే, అక్కడి నుంచి వచ్చేయండి.

వేధింపు ఆగాక కూడా ఆ నోట్‌బుక్‌ను వెంటనే పారేయవద్దు. ఇలాంటివి కొన్ని వారాలు సద్దుమణిగి మళ్లీ తలెత్తుతుంటాయి. అప్పుడు మొదటి రోజునే, పాత పేజీలతో సహా, అదే టీచర్ దగ్గరికి వెళ్లవచ్చు.