మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో ఉద్యోగానికి వచ్చే పిల్లలకు

గుంటూరు దగ్గర ఒక మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో నర్సింగ్ సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. ఇంటర్వ్యూకి వచ్చే చాలామందికి చదువుంటుంది, మార్కులుంటాయి, కాగితాలు మాత్రం సరిగా ఉండవు. అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే ముందు కాగితాల సంగతి చెబుతాను.

స్టాఫ్ నర్సు పోస్టుకు జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) లేదా బీఎస్సీ నర్సింగ్ పాసైతే చాలదు, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఉండాలి. గడువు దాటకుండా రెన్యువల్ చేయించుకోవాలి. బెంగళూరులో చదివి వచ్చినవాళ్లు అక్కడి కౌన్సిల్ నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకుని ఇక్కడ నమోదు చేయించుకోవాలి. దానికి టైమ్ పడుతుంది కాబట్టి నోటిఫికేషన్ పడేదాకా ఆగకండి. ఫార్మసిస్టులకు ఫార్మసీ కౌన్సిల్, ల్యాబ్ టెక్నీషియన్లకు పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ అడుగుతారు.

మంగళగిరి ఎయిమ్స్‌లో నర్సింగ్ ఆఫీసర్ కావాలంటే నార్సెట్ అనే ఎయిమ్స్ నియామక పరీక్ష రాయాలి. బీఎస్సీ వాళ్లు నేరుగా రాయొచ్చు. జీఎన్ఎం వాళ్లకైతే కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం కావాలి. మన కొత్తపేటలోనో, విజయవాడ సూర్యారావుపేటలోనో చిన్న నర్సింగ్ హోమ్‌లో చేరే ముందు పడకలెన్నో అడగండి. మానేసే రోజున పడకల సంఖ్య, చేరిన తేదీ, మానేసిన తేదీ, చేసిన విభాగం రాసి ఉన్న అనుభవ పత్రం చేతికి తీసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా ఉంచకండి, జిరాక్సులు చాలు. ఒరిజినల్స్ యాజమాన్యం దగ్గర ఇరుక్కుపోయి మంచి అవకాశం పోగొట్టుకున్న అమ్మాయిలు నాకు తెలుసు.

ప్రభుత్వాసుపత్రుల కాంట్రాక్ట్ పోస్టుల్లో సాధారణంగా కోర్సు మార్కులకే ఎక్కువ వెయిటేజీ. అన్ని సంవత్సరాల మెమోలు, స్థానికతకు నాలుగు నుంచి పది వరకు స్టడీ సర్టిఫికెట్లు పెట్టాలి.

ఇక పని సంగతి. నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. 500 ఎంఎల్ సెలైన్ నాలుగు గంటల్లో ఎక్కాలి, ఐవీ సెట్‌లో (సెలైన్ ఎక్కించే గొట్టంలో) ఎంఎల్‌కి 20 చుక్కలు, నిమిషానికి ఎన్ని చుక్కలు పెడతావు? సుమారు 42. కాగితం మీద లెక్కేసుకున్నా నాకేం అభ్యంతరం లేదు. అంచనాగా చెబితేనే భయం, ఎందుకంటే గుండె జబ్బు మనిషికి సెలైన్ వేగం ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. వాడిన సూది తెల్ల డబ్బాలో, ఐవీ సెట్ ఎర్ర సంచిలో, రక్తం అంటిన దూది పసుపు సంచిలో వేయాలని తడుముకోకుండా చెప్పగలగాలి.

బోధనాసుపత్రిలో అన్నిటికన్నా ముఖ్యం హ్యాండోవర్, అంటే డ్యూటీ మారేటప్పుడు పేషెంటు సంగతులు తర్వాతివాళ్లకు అప్పజెప్పడం. ఇక్కడ ఒకే పేషెంటును ఇంటర్న్ చూస్తాడు, పీజీ చదివే డాక్టర్ చూస్తాడు, రౌండ్స్‌లో ప్రొఫెసర్ చూస్తారు. పొద్దున ఒకరు రాసిన డోసు మధ్యాహ్నానికి మారొచ్చు. ఏ మందు ఎన్నింటికి ఇచ్చారో, ఏది ఆపమన్నారో, ఎవరు ఆపమన్నారో కేస్ షీట్‌లో టైమ్ వేసి రాయాలి. డ్యూటీ దిగేటప్పుడు పేషెంటు మంచం దగ్గరే నిలబడి తర్వాతి సిస్టర్‌కి చెప్పాలి. డోసు మీద అనుమానం వస్తే పీజీని మళ్లీ అడగండి, విసుక్కున్నా సరే అడగండి. ఆ ధైర్యం ఉన్న పిల్లను నేను మార్కులు చూడకుండా తీసుకుంటాను.

పల్నాడు నుంచి వచ్చిన పెద్దమ్మకు 'ఎన్‌పీఓ' అంటే ఏం తెలుస్తుంది? 'ఆపరేషన్ అయ్యేదాకా మంచినీళ్లు కూడా తాగొద్దు పెద్దమ్మా' అని చెప్పి, ఆమెతో మళ్లీ చెప్పించుకోవాలి. ఇంటర్వ్యూలో ఇది కూడా చేసి చూపించమంటాం, ఇంట్లో ఒకసారి సాధన చేసి రండి.