మతిస్థిమితం లేని వ్యక్తి రక్షణ కోసం పోలీసులకు అర్జీ: విజయవాడ, గుంటూరు వాసులకు

బస్టాండులోనో రోడ్డు మీదో ఒంటిమీద ధ్యాస లేకుండా తిరుగుతున్న మనిషి కనబడితే, రక్షణలోకి తీసుకోవాల్సిన బాధ్యత ఆ ప్రాంత స్టేషన్ అధికారిదే. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని సెక్షన్ 100 ఈ మాటే చెబుతోంది. ఇంట్లో కట్టేసి, తిండి పెట్టకుండా హింసిస్తుంటే సెక్షన్ 101 వర్తిస్తుంది. అది తెలిసిన ఎవరైనా స్టేషన్‌లో చెప్పాలి, అధికారి వెంటనే మేజిస్ట్రేటుకు నివేదించాలి.

ప్రాణాపాయం కనబడితే ముందు 112కి ఫోన్ చేయండి, అర్జీ తర్వాత రాయొచ్చు. ప్లాట్‌ఫాం మీద ఉంటే రైల్వే పోలీసుల దగ్గరికి వెళ్లాలి.

అర్జీకి తెల్లకాగితం చాలు. స్టేషన్ హౌస్ ఆఫీసర్ పేరిట రెండు ప్రతులు రాయండి. ఎక్కువ అర్జీలు దెబ్బతినేది రాసే తీరు వల్లే. 'పిచ్చివాడు గొడవ చేస్తున్నాడు' అని రాస్తే అది న్యూసెన్స్ ఫిర్యాదైపోతుంది, మనిషిని అక్కడినుంచి తరిమేసి ఊరుకుంటారు. జబ్బు పేరు మీరు తేల్చక్కర్లేదు, కళ్లతో చూసింది రాయండి: 'బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ కింద సుమారు 40 ఏళ్ల స్త్రీ. మూడు రోజులుగా అక్కడే ఉంటోంది. కుడి కాలికి పుండు. పేరు అడిగితే చెప్పలేకపోతోంది. వాహనాలకు అడ్డంగా నడుస్తోంది.' కింద 'సెక్షన్ 100 ప్రకారం రక్షణలోకి తీసుకుని ఆసుపత్రికి పంపగలరు' అని చేర్చండి. ఫొటో ఉంటే అర్జీకి జతచేయండి, దయచేసి వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం పెట్టొద్దు.

రెండో ప్రతి మీద స్టాంపు, సంతకం, తేదీతోపాటు టైము కూడా వేయించుకోండి. రక్షణలోకి తీసుకున్న 24 గంటల్లోపు దగ్గరి ప్రభుత్వాసుపత్రికి చేర్చాలి కాబట్టి, ఎన్నింటికి రక్షణలోకి తీసుకున్నారో కూడా అడిగి రాసుకోండి. ఈలోగా ఏ పరిస్థితిలోనూ లాకప్‌లో పెట్టకూడదు. 'ఈ రాత్రికి ఇక్కడే ఉంచుతాం' అంటే సెక్షన్ 100లోని నాలుగో ఉపవిభాగం చూపించండి. పాత అలవాటు కొద్దీ జరిగే పొరపాటు ఇది, చట్టం చూపిస్తే సరిదిద్దుకునే అధికారులూ ఉన్నారు.

ఇల్లూవాకిలీ లేనివారైతే మిస్సింగ్ ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేసి, కుటుంబాన్ని వెతికి కబురు చేసే పనీ స్టేషన్‌దే. దీన్ని చాలామంది అడగనే అడగరు, ఎఫ్.ఐ.ఆర్. నంబరు తప్పక అడగండి. ఆసుపత్రిలో చేర్చుకోనక్కర్లేదని డాక్టరు తేలిస్తే, పోలీసులే ఇంటికో, ప్రభుత్వ నిరాశ్రయుల వసతికో చేర్చాలి. తీసుకొచ్చిన చోటే వదిలేయడం కుదరదు.

అర్జీ తీసుకోకపోతే విజయవాడలో పోలీస్ కమిషనర్‌కు, గుంటూరులో ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోండి. ఉచిత న్యాయ సహాయానికి 15100కు ఫోన్ చేయొచ్చు. ఈ సహాయం ఉందని బాధితులకు చెప్పడం కూడా పోలీసుల విధే.

హక్కుల ఉల్లంఘన జరిగితే, ఇదే చట్టం కింద ఫిర్యాదులు వినే మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు ఫీజు లేకుండా దరఖాస్తు చేసుకోవచ్చు. బాధితులు, వారి నామినేటెడ్ ప్రతినిధి (చట్టం ప్రకారం వారి తరఫున వ్యవహరించే వ్యక్తి), లేదా బాధితుల సమ్మతితో రిజిస్టర్డ్ స్వచ్ఛంద సంస్థ మాత్రమే ఇది వేయగలరు. ఏం జరిగింది, ఎక్కడ జరిగింది, ఏం పరిష్కారం కావాలి అన్నవి స్పష్టంగా ఉండాలి. బోర్డు నిర్ణయం నచ్చకపోతే 30 రోజుల్లో హైకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు.