ఇంప్లాంట్ వేయించే ముందు చూసుకోవలసినవి

చెన్నైలో అమ్మకు కింది దవడలో ఇంప్లాంట్ (పోయిన పన్ను స్థానంలో ఎముకలోకి దించే టైటానియం స్క్రూ) వేయించే ముందు మేం చూసుకున్నవి రాస్తున్నాను.

మొదట మందుల సంచి. వాడేవన్నీ స్ట్రిప్పులతో సహా డాక్టర్ ముందు పెట్టండి. ఎముకలు గుల్లబారాయని వారానికోసారి వేసుకునే అలెండ్రోనేట్ బిళ్ల, ఏడాదికోసారి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ గురించి చాలామంది చెప్పరు. మోకాళ్ల డాక్టర్ ఇచ్చినదానికీ పంటికీ ఏం సంబంధం అనుకుంటారు. ఉంది. అవి వాడినవాళ్లలో కొందరికి సర్జరీ తర్వాత దవడ ఎముక మానకుండా చచ్చుబడిపోతుంది. అమ్మ ఇంజెక్షన్ చీటీ బీరువాలో చీరల కింద, నాలుగు మడతలు పెట్టి దొరికింది. అది చూశాకే డాక్టర్ తేదీ ఖాయం చేశారు.

రక్తం పలచబడే మాత్రలు సొంతంగా ఆపొద్దు, గుండె డాక్టర్‌ని అడగండి.

షుగర్ ఉంటే గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష హెచ్‌బీఏ1సీ చేయించండి. సిగరెట్ మానాలి, ఇందులో బేరం లేదు.

దవడను త్రీడీలో చూపే సీబీసీటీ స్కాన్‌లో కింది పెదవికి స్పర్శనిచ్చే నరం ఎక్కడుందో చూపించమనండి. అది దెబ్బతింటే పెదవి తిమ్మిరెక్కిపోతుంది.

టైటానియం స్క్రూ ఎముకలో కుదురుకోవడానికి సాధారణంగా 3 నుంచి 6 నెలలు. ఊరెళ్లే టికెట్లు ఆ లెక్కన తీసుకోండి.

సమ్మతి పత్రం తమిళంలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. తెలుగులో అర్థమయ్యేదాకా చెప్పించుకున్నాకే పెద్దవాళ్ల చేత సంతకం పెట్టించండి.