పోర్చుగల్ వైన్ పాఠాలు – 3: డౌరో లోయ, ఒకే తోట నుంచి రెండు తరహాలు

పోయిన పాఠంలో విన్యు వెర్దె అనే ప్రాంతం చూశాం. అక్కడ అట్లాంటిక్ వాన, గ్రానైట్ నేల, పులుపు ముందుకొచ్చే తేలికపాటి తెల్ల వైన్లు. అక్కణ్ణుంచి తూర్పుకి వెళ్తే మరావ్ కొండలు అడ్డొస్తాయి. సుమారు 1,400 మీటర్ల ఎత్తున్న ఆ కొండలు సముద్రం మీంచి వచ్చే మబ్బుల్ని చాలావరకు అటువైపే ఆపేస్తాయి. దాటితే డౌరో లోయ. "తొమ్మిది నెలలు చలి, మూడు నెలలు నరకం" అని అక్కడివాళ్ల సామెత.

ఈ పాఠం అయ్యేసరికి మీకు పట్టుబడాల్సింది ఒకటే. డౌరో సీసా ఏది చేతికిచ్చినా, మూత తీయకముందే లోపల ఏ తరహా వైన్ ఉందో చెప్పగలగాలి. దానికి రెండు ప్రశ్నలు చాలు. రసం పులియడాన్ని మధ్యలో ఆపారా, చివరిదాకా సాగనిచ్చారా? ఆపితే పోర్ట్ అనే తీపి వైన్, సాగనిస్తే తీపి లేని డౌరో వైన్. ఆపి ఉంటే, ఆ తర్వాత అది చెక్క పీపాలో ముదిరిందా, సీసాలో ముదిరిందా?

ముందు నేల

నది వెంట పడమర నుంచి తూర్పుకి మూడు భాగాలు. మొదటిది బైషు కోర్గో, అక్కడ వాన కాస్త ఎక్కువ, ఏడాదికి 900 మిల్లీమీటర్ల దాకా. నడుమ సీమా కోర్గో. పేరున్న పోర్ట్ తోటలు చాలావరకు ఇక్కడే, పిన్యావ్ ఊరి చుట్టుపక్కల ఉన్నాయి. చివరిది స్పెయిన్ సరిహద్దు దాకా సాగే డౌరో సుపీరియర్. అక్కడ పడేది 400 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే.

అంత ఎండలో తీగ బతికేది రాయి వల్లే. ఇక్కడి రాయి షిస్ట్, పలకలు పలకలుగా చీలుతుంది. ఆ పలకలు చాలాచోట్ల పడుకుని ఉండవు, నిలువుగా లేచి ఉంటాయి. వాటి సందుల్లోంచి వేర్లు బాగా లోతుకి దిగి, చలికాలంలో ఇంకిన నీటిని అందుకుంటాయి. చుట్టుపక్కల గ్రానైట్ నేలలో వేరుకి అంత సులువుగా దారి దొరకదు. అందుకే డౌరో ద్రాక్ష సరిహద్దు చాలాచోట్ల షిస్ట్ ఆగినచోటే ఆగుతుంది. ఆ రాయినే పగలగొట్టి, ఆ ముక్కల్నే సున్నం లేకుండా పేర్చి గోడలు కట్టి, కొండని మెట్లు మెట్లుగా పొలం చేశారు. 1860ల్లో ఫిలాక్సెరా అనే పురుగు వచ్చి వేర్లు తినేసింది. అప్పుడు వదిలేసిన మెట్లు కొన్ని ఇప్పటికీ పొదలు పట్టి కనిపిస్తాయి. మనిషి చేతులతో ఇంత పని జరిగిన ద్రాక్ష నేల మరోటి చూడటం కష్టం. 2001లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది.

ఈ లోయకి హద్దులు గీసింది 1756లో. అప్పటి ప్రధానమంత్రి, తర్వాత పొంబాల్ మార్క్విస్‌గా పేరుపడ్డ మనిషి, ఆ పని చేయించాడు. ఇంగ్లండ్‌కి వెళ్లే పోర్ట్‌లో రంగు కోసం ఎల్డర్‌బెర్రీ అనే చిన్న నల్ల పండ్ల రసం కలిపే మోసం పెరిగిపోయి, కొనేవాళ్లకి నమ్మకం పోయింది. ఆయన హద్దు చుట్టూ 335 గ్రానైట్ రాళ్లు పాతించాడు, ఎల్డర్‌బెర్రీ చెట్లు పీకించాడు. ఇవాళ పోర్ట్ సీసా మెడ మీద నంబరుతో ఉండే కాగితపు ముద్ర చూడండి. అసలు సరుకని పూచీ ఇచ్చే పని ఇప్పుడు ఆ ముద్రది. అది లేనిది పోర్ట్ కాదు. గోవాలో పోర్ట్ వైన్ పేరుతో అమ్మే స్థానిక తీపి వైన్‌కీ ఈ లోయకీ ఏ సంబంధమూ లేదు. చాలామంది దాన్నే తాగి "పోర్ట్ అంటే ఇంతేనా" అనుకుంటారు. ఆ అభిప్రాయం పక్కనపెట్టి మొదలుపెట్టండి.

ద్రాక్ష రకాలు

కొత్తగా నేర్చుకునేవాళ్లు రకాల పేర్లు కంఠతా పట్టబోతారు. డౌరోలో అది తప్పుదారి. ఇక్కడి పాత తోటల్లో పాతికో ముప్ఫయ్యో రకాలు కలగలిపి నాటి ఉంటాయి, అన్నీ ఒకేసారి కోసి ఒకే తొట్టిలో వేస్తారు. రుచి ఆ కలయికది. మూడు పేర్లు మాత్రం గుర్తుంచుకోండి. తురీగా నాసియొనాల్ కాపు తక్కువ, పండు చిన్నది, అందుకే రంగూ వగరూ చిక్కగా వస్తాయి, పూల వాసన కూడా ఉంటుంది. తురీగా ఫ్రాంకా ఆలస్యంగా పండుతుంది, వేడికి తట్టుకుంటుంది, తోటల్లో ఎక్కువగా కనిపించే రకాల్లో ఇదొకటి. మూడోది తింతా రొరీజ్. దీన్నే దక్షిణాన అలెంతేజోలో అరగొనేజ్ అంటారు, స్పెయిన్‌లో తెంప్రానియో అంటారు.

మొదటి ప్రశ్న: ఆపారా, సాగనిచ్చారా?

పోర్ట్ చేసేటప్పుడు రసంలోని చక్కెర సగం దాకా ఆల్కహాల్‌గా మారేసరికి 77 శాతం ఆల్కహాల్ ఉన్న ద్రాక్ష సారా పోస్తారు. సుమారు నాలుగు వంతుల రసానికి ఒక వంతు. దాంతో ఈస్ట్ చచ్చిపోతుంది, పులియడం ఆగుతుంది, మిగిలిన చక్కెర అలాగే ఉండిపోతుంది. వచ్చేది లీటరుకి దాదాపు 100 గ్రాముల తీపి, 20 శాతం చుట్టుపక్కల ఆల్కహాల్ ఉన్న వైన్.

ఇక్కడ ఒక చిక్కుంది. మామూలు ఎర్ర వైన్‌లో తొక్కలు వారాల తరబడి రసంలో నానుతాయి. పోర్ట్‌కి దొరికేది రెండు మూడు రోజులే. ఆలోపే రంగూ వగరూ మొత్తం లాగెయ్యాలి. అందుకే పాదాలతో తొక్కడం. లగార్ అనే వెడల్పాటి గ్రానైట్ తొట్టిలో ద్రాక్ష పోస్తారు, మోకాళ్ల పైదాకా వస్తుంది. కోతకి వచ్చినవాళ్లు భుజాల మీద చేతులు వేసుకుని వరసగా నిలబడి, ఒకరు లెక్క చెబుతుంటే ఒక్కో అడుగూ వేస్తూ ముందుకి కదులుతారు. మొదటి రెండు గంటలూ ఈ కవాతే, మాటల్లేవు. ఆ తర్వాత వరస విడిపోయి అకార్డియన్ వాయిద్యానికి ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు చిందులేస్తారు. పాదం మెత్తన, తొక్కని చితక్కొడుతుందిగానీ గింజని పగలగొట్టదు. గింజ పగిలితే చేదు దిగుతుంది. ఇప్పుడు యంత్రాలొచ్చాయి, అవి కూడా పాదాన్ని అనుకరించేవే. అయినా కొన్ని కింతాలు, అంటే తోటతో కలిసిన ఎస్టేట్లు, తమ మంచి పోర్ట్‌ని ఇంకా మనుషుల చేతే తొక్కిస్తున్నాయి.

రెండో ప్రశ్న: పీపానా, సీసానా?

చిన్న పీపాలో ఏళ్ల తరబడి ఉంటే చెక్క రంధ్రాల్లోంచి గాలి కొద్దికొద్దిగా తగులుతుంది. ఎరుపు వెలిసి ఇటుక రంగుకి, తర్వాత తేనె రంగుకి తిరుగుతుంది. ఇదే టానీ. లేబుల్ మీద 10, 20, 30, 40 లాంటి అంకెలుంటాయి. అవి ఆ తరహాని సూచించే వయసులు, లోపలుండేది రకరకాల ఏళ్ల మిశ్రమం. ఒకే ఏడాది పంటతో చేసిన టానీని కొల్యేటా అంటారు, కనీసం ఏడేళ్లు పీపాలో ఉండాలి.

రూబీ దీనికి ఎదురు. పెద్ద తొట్లలో గాలి తగలకుండా కొద్ది కాలమే ఉంచి, పండు రుచి పోకముందే సీసాకి ఎత్తుతారు. ఒకే ఏడాది పంటని నాలుగు నుంచి ఆరేళ్లు ఉంచి సీసాకి ఎత్తితే ఎల్‌బీవీ, అంటే లేట్ బాటిల్డ్ వింటేజ్. వింటేజ్‌ని మాత్రం కోత అయిన రెండు మూడేళ్లకే సీసాలో పోసేస్తారు, మిగతా ముదరడమంతా సీసాలోనే, దశాబ్దాల పాటు. ఏ ఏడాది పంట అందుకు తగిందో చేసేవాళ్లే ప్రకటిస్తారు. 2011, 2016, 2017 అలా ఎక్కువమంది ప్రకటించిన సంవత్సరాలు.

లేబుల్ అర్థం కాకపోతే మూత చూడండి. చేత్తో లాగితే వచ్చే, పైన ప్లాస్టిక్ టోపీ ఉన్న బిరడా అయితే తాగడానికి సిద్ధమైన వైన్, వడకట్టే పనిలేదు. పొడుగాటి కార్క్ లోపలికి దిగ్గొట్టి ఉంటే అడుగున మడ్డి ఉంటుందని లెక్క. ముందురోజే సీసా నిలబెట్టి, మెల్లగా వంపాలి.

ఆపకపోతే

ఇవే తోటలు, ఇవే రకాలు. పులియడం చివరిదాకా సాగనిస్తే తీపి లేని డౌరో ఎర్ర వైన్. ఇది నిలబడటానికి చాలా కాలం పట్టింది, కారణం వేడి. ఆ ఎండలో అప్పట్లో తొట్టి చల్లగా ఉంచే దారి లేదు. 1952లో ఫెర్నాండో నికొలావ్ ది అల్మైదా అనే వైన్ తయారీదారు డౌరో సుపీరియర్‌కి తీరం నుంచి మంచుగడ్డలు తెప్పించి, తొట్టిని చల్లబరిచి బార్కా వెల్యా అనే తీపి లేని ఎర్ర వైన్ చేశాడు. నా దృష్టిలో ఆ లోయ చరిత్రలో 1756 తర్వాత అంత ముఖ్యమైన ఏడాది ఇదే. ఇవాళ లేబుల్ మీద పోర్తో (పోర్ట్) అని లేకుండా డౌరో, తింతో (ఎర్ర వైన్) అని ఉంటే ఈ తరహానే.

అభ్యాసం

ఒక 10 ఏళ్ల టానీ, ఒక ఎల్‌బీవీ తెచ్చుకోండి. యూకే, అమెరికాలో ఉన్నవాళ్లకి సులువుగా దొరుకుతాయి. టానీని ఫ్రిజ్‌లో అరగంట ఉంచండి. ఆల్కహాల్ ఎక్కువ కాబట్టి ఒక్కో గ్లాసులో 50 మిల్లీలీటర్లు మించొద్దు. తెల్ల కాగితం ముందు గ్లాసు వంచి అంచు రంగు రాసుకోండి. తర్వాత వాసన: టానీలో వేయించిన బాదంపప్పులు, ఎండు ఖర్జూరం, నారింజ తొక్క వెతకండి. ఎల్‌బీవీలో నల్ల పండ్లు, నోట్లో వగరు. టానీతో ఒక సున్నుండ కొరికి చూడండి, వేగిన మినుముల వాసన దానికి చక్కగా కలుస్తుంది. చివరికి ఇంట్లో ఎవరిచేతైనా గ్లాసులు మార్పించి, కళ్లు మూసుకుని వాసనతోనే ఏది ఏదో చెప్పండి.

మూత తీసిన టానీ ఫ్రిజ్‌లో కొన్ని వారాలు ఆగుతుంది. ఎల్‌బీవీని వారంలోపు ముగించండి.

వచ్చే పాఠం దక్షిణానికి, బైరాదా, దావ్ ప్రాంతాలకి. బాగా అనే ద్రాక్షతో చేసిన ఎర్ర వైన్ సీసా ఒకటి దొరుకుతుందేమో ఈలోపు చూసి పెట్టుకోండి.