రెండు డొమైన్ల మధ్య వెబ్ సర్వీస్ 401 ఇస్తుంటే ఎలా సరిచేయాలి?

నెల్లూరు హెడ్డాఫీసు ఒక విండోస్ డొమైన్ (ఒకేచోట నడిపే ఖాతాలు, కంప్యూటర్ల గుంపు), చీమకుర్తి క్వారీ ఆఫీసు ఇంకొకటి. బిల్లింగ్ సర్వీస్ నెల్లూరులో తెరుచుకుంటుంది, చీమకుర్తిలో 401 ఎర్రర్, అంటే లాగిన్‌ను సర్వర్ ఒప్పుకోలేదని. వెంటనే పాస్‌వర్డ్ తీసుకెళ్లి కోడ్‌లో రాసేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. పాస్‌వర్డ్ మారిన రోజు బిల్లులు ఆగిపోతాయి.

అడ్మిన్ హక్కులు, కమాండ్ ప్రాంప్ట్, ఒక నోట్‌బుక్ చాలు. ఏది మార్చినా ముందు పాత విలువ పెన్నుతో రాసుకోవాలి.

ముందు గడియారాలు చూడండి. 5 నిమిషాలకు మించి తేడా ఉంటే కెర్బెరోస్ (టికెట్లతో గుర్తింపు తేల్చే లాగిన్ పద్ధతి) ఒప్పుకోదు. తర్వాత సర్వర్ పూర్తి పేరు చీమకుర్తి నుంచి ఎన్‌ఎస్‌లుకప్‌ (పేరుకు ఐపీ చూపే కమాండ్)లో వస్తోందా, నెల్లూరు డొమైన్ కంట్రోలర్ (లాగిన్లు చూసే సర్వర్) 88 పోర్ట్ అందుతోందా చూడండి. ఐపీ నంబరుతో మాత్రం పరీక్షించకండి, మామూలుగా అప్పుడు కెర్బెరోస్ వాడదు.

అసలు చిక్కు ఎస్‌పీఎన్ (సర్వీస్‌ను ఒక ఖాతాకు ముడిపెట్టే పేరు) దగ్గర. సర్వీస్ ఏ ఖాతా మీద నడుస్తోందో ఆ ఒక్క ఖాతాకే ఎస్‌పీఎన్ ఉండాలి. మా దగ్గర ఒకసారి పాత ఖాతా నుంచి తీయకుండానే కొత్త ఖాతాకు ఇచ్చారు. నెల్లూరులో ఎన్‌టీఎల్‌ఎం (పాత లాగిన్ పద్ధతి)తో పని జరిగిపోతుండటంతో ఎవరికీ తెలియలేదు. చీమకుర్తిలో ఎన్‌టీఎల్‌ఎం ఆపేసి ఉంది. రెండు రోజులు ఫైర్‌వాల్ నియమాలే వెతికాం.

అందుకే ముందు 'సెట్‌ఎస్‌పీఎన్ -ఎక్స్' కొట్టి డూప్లికేట్లు చూడండి. ఉంటే తప్పు ఖాతా మీదున్నది తీసి, 'సెట్‌ఎస్‌పీఎన్ -ఎస్'తో సరైన ఖాతాకు ఇవ్వండి. సైటు హెచ్‌టీటీపీఎస్ అయినా ఎస్‌పీఎన్‌లో హెచ్‌టీటీపీ అనే రాయాలి. ఐఐఎస్ (విండోస్ వెబ్ సర్వర్)లో కెర్నల్ మోడ్ సెట్టింగు ఆన్‌లో ఉంటే టికెట్‌ను మెషిన్ ఖాతా (ఆ కంప్యూటర్ సొంత ఖాతా)తో విప్పుతుంది. సర్వీస్ డొమైన్ ఖాతా మీద నడుస్తుంటే 'యూజ్ యాప్ పూల్ క్రెడెన్షియల్స్' ట్రూ చేయాలి. దీన్ని వదిలేసి ఎస్‌పీఎన్ ఎన్నిసార్లు సరిచేసినా 401 పోదు.

ఆ తర్వాత చీమకుర్తి యంత్రంలో పాత టికెట్లు చెరిపే 'కేలిస్ట్ పర్జ్' కొట్టండి. మామూలుగా పాత టికెట్ 10 గంటలు ఉంటుంది, అది పోకుండా పరీక్షిస్తే తప్పుడు ఫలితమే వస్తుంది. బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో ఆథరైజేషన్ హెడర్ తెరవండి. నెగోషియేట్ తర్వాత 'టీఎల్‌ఆర్‌ఎం' అని మొదలైతే ఇంకా ఎన్‌టీఎల్‌ఎం, 'వైఐఐ' అని మొదలైతే కెర్బెరోస్. పేజీ తెరుచుకున్నా 'వైఐఐ' కనిపించేదాకా వదలకండి.

నెల్లూరు డొమైన్‌కు వేరే ఊళ్లలోనూ కంట్రోలర్లు ఉంటే మార్పు వాటికి చేరాలి. సైట్ల (ఊళ్లలోని ఆఫీసుల) మధ్య రెప్లికేషన్, అంటే మార్పుల నకలు వెళ్లే డిఫాల్ట్ విరామం 180 నిమిషాలు. ఈలోపు టెన్షన్ పడి సెట్టింగులు మళ్లీ కదపకండి.