పక్కింటి స్నేహితుణ్ణి పెళ్లాడాలంటే: మొదటి మాట నుంచి తాంబూలాల దాకా

మాది పాలకొల్లు. మా డాబా ఎక్కితే క్షీరారామం గోపురం కనిపిస్తుంది. నా స్నేహితుడి వాళ్ల ఇల్లూ మా ఇల్లూ గోడకి గోడ. ఒకటో తరగతి నుంచి ఒకే రిక్షాలో బడికెళ్లాం. మొన్న మాఘంలో మా ఇద్దరికీ తాంబూలాలయ్యాయి. ఇదే దారిలో ఉన్నవాళ్ల కోసం నాకు తెలిసింది చెబుతాను.

ముందు మీ ఇద్దరి మధ్య మాట తేలాలి. మెసేజ్ పెట్టకండి, ఎదురుగా కూర్చుని చెప్పండి. జవాబు మాత్రం అప్పుడే అడగొద్దు. "నాకో వారం టైమివ్వవే" అన్నాడు తను. ఆ వారమంతా తోడు పెరుగు కోసం ఎప్పట్లాగే వాళ్లింటికి వెళ్లాను. కాదన్నా నేను దూరం కానని తనకి తెలియాలి కదా.

ఆ తర్వాత వరసలు. అసలు చిక్కంతా ఇక్కడే. ఊహ తెలిసినప్పటి నుంచి వాళ్లమ్మని పిన్ని అనీ, నాన్నని బాబాయ్ అనీ పిలిచాను. పిన్ని కొడుకంటే అన్న వరస. "పిన్నీ అన్న నోటితో అత్తా అంటావా?" అని మా నాన్నమ్మ అన్నం ముందు నుంచి లేచిపోయింది. వాదించకండి. రెండు వైపులా మూడు తరాల పేర్లు, ఇంటిపేర్లు, గోత్రాలు కాగితం మీద రాసి, పక్కన కూర్చుని చదివి వినిపించండి. పిలుపు వరసే తప్ప రక్తసంబంధం లేదని ఆవిడకి నమ్మకం కుదరడానికి మాకు రెండు నెలలు పట్టింది. ఒకే గోత్రమైతే 1955 నాటి హిందూ వివాహ చట్టం అడ్డు చెప్పదు గానీ, ఇంట్లో ఒప్పించడానికి ఇంకా ఓపిక కావాలి. మతాలు వేరై, ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకుంటే 30 రోజుల ముందు నోటీసివ్వాలి. ముహూర్తం చూసేటప్పుడు అది లెక్కలో ఉంచుకోండి.

రెండిళ్లలోనూ ఒకే పూట చెప్పండి. మేం అలా చెయ్యలేదు. నేను ఆదివారం చెప్పాను, తను రెండు రోజులు ఆగాడు. ఈలోగా పాలు పోసే ఆవిడ నోట పిన్ని విషయం విన్నది. "నాకు పరాయివాళ్లు చెప్పాలా?" అని నాలుగు రోజులు మా గుమ్మం తొక్కలేదు. పాతికేళ్ల స్నేహం మా అమ్మదీ పిన్నిదీ. మా అమ్మ ఆ నాలుగు రోజులూ సరిగ్గా తినలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

తాంబూలాలు ఆషాఢంలో, మూఢంలో పెట్టుకోరు కాబట్టి పంతులుగారిని ముందే అడగండి. పాత స్నేహం ఉన్నచోట మొహమాటం ఎక్కువ. "మన మధ్య ఏముందిలే" అని ఖర్చుల మాట దాటేస్తారు. దాటెయ్యనివ్వకండి. పెళ్లి ఎవరింట, భోజనాలు ఎంతమందికి, బట్టలు ఎవరివి ఎవరు కొనాలి, అన్నీ కూర్చుని తేల్చుకోండి. కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ 1961 నుంచి నేరమే. ఆ మాట మా నాన్న నోటితోనే చెప్పించాను.

ఆ రోజు పళ్లెంలో తమలపాకులు, వక్కలు, పసుపుకొమ్ములు, అరటిపళ్లు, పైన పసుపు అంచుల లగ్నపత్రిక. పిన్ని నాకు బొట్టు పెట్టి, చీర ఒళ్లో పెడుతూ చెవిలో అంది: "నీకు నోరు తిరిగినప్పుడే అత్తయ్యా అను, తొందరేం లేదు." అందుకే చెబుతున్నా, కొత్త పిలుపు నెల ముందు నుంచే అలవాటు చేసుకోండి. పెళ్లి వైశాఖంలో. ఇప్పుడు రోజూ పొద్దున్నే గోడ మీంచి తోడు పెరుగు అందుకునేటప్పుడు ఒక్కసారి "అత్తయ్యా" అంటున్నాను.